పద్దెనిమిదికి పద్దెనిమిది

హనుమాన్ జంక్షన్‌లో రైలు దిగే కొత్తవాళ్ళకి మొదటి అనుమానం ప్లాట్‌ఫారం మీదే వస్తుంది. దిగింది జంక్షన్‌లో. బోర్డు మీద ఉన్నది నూజివీడు. అసలు నూజివీడు కావాలంటే స్టేషన్ బయటికొచ్చి బస్సో ఆటోనో ఎక్కాలి. పేరొకటి, ఊరొకటి. ఇలాంటి వ్యవహారాన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళని కంప్యూటర్ వైరస్ బోల్తా కొట్టించడం కష్టమేననిపిస్తుంది.

2000 సంవత్సరం మే 4న లోకాన్ని ముంచెత్తిన 'ఐ లవ్ యూ' వైరస్ చేసింది కూడా ఈ బోర్డు పనే. ఫిలిప్పీన్స్‌లో పుట్టి, ప్రేమలేఖనంటూ ఈమెయిల్లో ఇంటింటికీ వచ్చింది. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని కనపడేది, అంటే మామూలు ఉత్తరమని. దాని వెనకాల వీబీఎస్ అని అసలు తోక ఒకటుండేది. ఆ తోకని విండోస్ మర్యాదగా దాచిపెట్టేది. జనం ఉత్తరమనుకుని తెరిచారు. తెరిస్తే అది ప్రోగ్రాము.

ఈ పోలిక జంక్షన్‌లో స్థిరపడ్డ ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారిది. పోలిక చెప్పినంత చక్కగా ఆయన యాంటీవైరస్ ఎంచుకున్నారా అంటే, అదే కథ.

2025 మే నెలలో ఓ పొద్దున, పెన్షన్ లెక్క చూసుకుందామని మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తెర మీద కుడివైపు మూల నుంచి ఎర్ర డబ్బా ఒకటి పైకి లేచింది. యాంటీవైరస్ గడువు తీరిపోయిందనీ, కంప్యూటర్ ప్రమాదంలో ఉందనీ, వెంటనే డబ్బు కట్టి నిశ్చింతగా ఉండమనీ దాని సారాంశం. డల్లాస్ వెళ్ళేముందు కొడుకు కొనిపెట్టిన కంప్యూటర్ అది. ఏటా అక్కణ్ణించే వాడు డబ్బు కట్టేవాడు, ఈ ఏడు మర్చిపోయాడు. ప్రమాదం అన్న మాట పక్కనే రేటు కూడా రాసి ఉంటే ఆ ప్రమాదాన్ని సగానికి సగం తగ్గించి చూడాలన్నది మాస్టారి సిద్ధాంతం. కానీ ఎరుపు ఎరుపే. ముప్పై నాలుగేళ్ళు తప్పుల కింద గీతలు గీసిన రంగు తన మీదకే వచ్చేసరికి ఆయనకి కాస్త దడ పుట్టింది.

"కట్టకపోతే ఏమవుతుందిటండీ?" అంది మాస్టారి భార్య, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"ఏమవుతుందో రాయలేదు."

"రాయలేదంటే వాళ్ళకీ తెలీదన్నమాట."

ఆవిడ పదోక్లాసుతో చదువాపేశారు. ఈ సంగతి చివర్లో పనికొస్తుంది.

జంక్షన్ అంటే నాలుగు రోడ్లు. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఓ పక్క గుడివాడ, ఓ పక్క నూజివీడు. మధ్యలో అభయాంజనేయస్వామి. హైవే మీద పోయే లారీ డ్రైవర్లు స్వామికి ఓ దండం పెట్టి, బండి ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయల వంక ఓసారి చూసుకుని గేరు మారుస్తారు. ఏటా రెన్యువల్ అక్కర్లేని రక్షణ అది. అలాంటి కూడలిలో కాపురమున్న మాస్టారికి నాలుగు వైపుల నుంచీ నాలుగు సలహాలు రావడంలో వింతేముంది? అన్నిటికంటే ముందు గుడివాడ సలహా దిగింది. నడిచి కూడా కాదు, బుల్లెట్ బండి మీద.

గుడివాడలో మాస్టారి బావమరిదికి డీటీపీ షాపుంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, రెసిడెన్స్ సర్టిఫికెట్లకి జిరాక్సులు. అతని షాపులో రోజుకి ఎన్ని పెన్‌డ్రైవులు వచ్చిపోతాయో ఎంచడం కష్టం. ఒకాయన పెళ్ళికూతురి ఫొటో తెస్తాడు, ఇంకొకాయన పంచాయితీ తీర్మానం తెస్తాడు, అందరూ తలా ఇంత వైరస్ కూడా తెచ్చి పంచుకు పోతారు.

"డబ్బులెందుకండీ దండగ, బావగారూ! నేను ఫుల్ వెర్షన్ తెచ్చాగా," అన్నాడు, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి.

అందులో ఒక పేరున్న యాంటీవైరస్సూ, దాని పక్కనే 'క్రాక్' అని ఇంకో ఫోల్డరూ ఉన్నాయి. ఎలా ఎక్కించాలో ఒక చిన్న చీటీ కూడా ఉంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. మొదటి మెట్టు: కంప్యూటర్లో ఉన్న రక్షణ మొత్తం ఆపెయ్యండి.

"ఏవయ్యా, కాపలావాణ్ణి పెట్టుకోడానికి ముందు తలుపులన్నీ బార్లా తెరిచి, కుక్కని కట్టెయ్యమంటున్నాడు వీడు!"

"అంటే, మనది దొంగ కాపీ కదా బావగారూ. లేకపోతే అది ఒప్పుకోదు."

తర్కం అక్కడితో ఆగింది, ఇన్‌స్టలేషన్ మాత్రం ఆగలేదు. దొంగ తాళం చెవిని వైరస్ అంటుంది యాంటీవైరస్. ఉత్త దొంగతనం గురించే అంటోందో, ఆ తాళం చెవిలో నిజంగానే వైరస్ ఉందో తేల్చుకోవడం బావమరిది వల్ల కాదు. అందుకే ప్రతిసారీ 'అబ్బే, మామూలేనండీ' అనేస్తాడు. ఇన్నేళ్ళ అనుభవంలో అతను ఆ మాట అనని వైరస్ లేదు.

పైరసీకీ వైరస్‌కీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. పీసీలకు సోకిన మొట్టమొదటి వైరస్‌గా చెప్పుకునే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. బాసిత్ ఫరూక్ అల్వీ, అంజద్ ఫరూక్ అల్వీ అని ఇద్దరన్నదమ్ములు. తాము రాసిన వైద్యుల సాఫ్ట్‌వేర్‌ని జనం ఉత్తినే కాపీ కొట్టుకుంటున్నారని వాళ్ళ బాధ. కాపీ కొట్టినవాడి ఫ్లాపీలో దూరి కూర్చునేలా ఓ ప్రోగ్రాము రాసి, అందులో తమ పేర్లూ, షాపు చిరునామా, ఫోన్ నంబర్లతో సహా పెట్టారు. శుభలేఖ అడుగున 'ఇట్లు మీ రాక కోరువారు' అని వేసినట్టు! తర్వాత ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వస్తుంటే వాళ్ళే బిత్తరపోయారట. ఇలా చిరునామా ఇచ్చి మరీ కొంప ముంచిన మర్యాద ఆ తర్వాతి వైరస్సుల్లో కరువైపోయింది.

పెన్‌డ్రైవుల కాలాన్ని తలుచుకుంటే ఈ వ్యాసకర్తకి కూడా ఓ పాత గాయం సలుపుతుంది. 2007 ప్రాంతంలో మన ఇంటర్నెట్ సెంటర్లన్నిటినీ ఒక వైరస్ ఏలింది. అప్పటి సోషల్ నెట్‌వర్కు ఆర్కుట్ తెరవగానే ఆర్కుట్ నిషిద్ధమని ఓ డబ్బా పైకొచ్చి, చివర్లో విలన్లా పకపకా నవ్వేది. కృష్ణా జిల్లాలో ఆ నవ్వు వినని డిగ్రీ కుర్రాడు ఉండి ఉండడు. పెన్‌డ్రైవ్ గుచ్చగానే అందులోని ప్రోగ్రామ్ తనంతట తనే లేచి నడిచే సదుపాయం అప్పటి విండోస్‌లో ఉండేది. పాపం, సీడీల కోసం పెట్టిన సౌకర్యం. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ వైరస్‌కి కూడా అదొక రాజమార్గమైంది. పాత విండోస్‌లలో పెన్‌డ్రైవులకి ఆ తలుపు మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అందరికీ పంపేసరికి 2011 ఫిబ్రవరి వచ్చింది.

బావమరిది బుల్లెట్ గుడివాడ చేరేలోపే మాస్టారి కంప్యూటర్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. మామిడితోట లెక్కలని నొక్కితే ఏదో నల్లటి కిటికీ తెరుచుకుని మాయమవుతోంది. మనవరాలి బారసాల ఫొటోలు పిలిస్తే పలకవు. ఇక వైద్యం తప్పదు.

రిపేరు షాపులు జంక్షన్‌లోనూ ఉన్నాయి. కానీ వాటిలో రెండింటి యజమానులు మాస్టారి శిష్యులే. పదోతరగతి లెక్కల్లో వాళ్ళకి ఎన్నేసి మార్కులొచ్చాయో ఆయనకి ఇప్పటికీ గుర్తు. అందుకని సీపీయూని పాత దుప్పటిలో చుట్టి, బాలింత బిడ్డని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని విజయవాడ బస్సెక్కారు. కండక్టరు దానికి లగేజీ కొట్టాలా వద్దా అని గన్నవరం దాకా ఆలోచించాడు.

గవర్నర్‌పేటలో ఓ దుకాణం. అక్కడి కుర్రాడు నాడి చూడకుండానే తీర్పు చెప్పాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం, మాస్టారూ!"

కంప్యూటర్ వైద్యంలో ఫార్మాట్ అంటే ఆర్‌ఎంపీ డాక్టరు చేతి సూది లాంటిది. రోగమేదైనా అదే. ఫొటోలు ముందు వేరే చోట దాచాలని మాస్టారు పట్టుబట్టారు కనక బారసాల బతికింది. వైరస్ ఫోల్డర్లని నిజంగా తినెయ్యలేదు, దాచిపెట్టి వాటి పేర్లతో తను కూర్చుందంతే. మళ్ళీ ఆ స్టేషన్ బోర్డు పనే.

ఫార్మాట్ అవుతుండగా అల్మరాలోని అట్టపెట్టెల మీదకి బేరం మళ్ళింది. యాంటీవైరస్సు కొనేవాడి కష్టం చీర కొనేవాడి కష్టం కంటే పెద్దది. చీరనయినా విప్పి చూపిస్తారు. ఇక్కడ అన్ని పెట్టెల మీదా డాలు బొమ్మే, అన్నిటి మీదా 'టోటల్', 'అల్టిమేట్', 'మ్యాక్సిమమ్' అన్న మాటలే. టోటల్ కంటే అల్టిమేట్ ఎంత ఎక్కువని మాస్టారు అడిగిన ప్రశ్నకి దుకాణంలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

మనవాళ్ళ సరుకు ఏదైనా ఉందా అని అడిగితే మాత్రం కుర్రాడికి హుషారొచ్చింది. ఉన్నాయి మరి. పుణెలో కైలాశ్ కట్కర్ అనే ఆయన పదోతరగతితో చదువాపి, రేడియోలూ క్యాలిక్యులేటర్లూ బాగుచేసే షాపు నడిపేవాడు. కంప్యూటర్లు రిపేరుకి రావడం మొదలయ్యేసరికి వాటిలో చాలావాటి జబ్బు వైరస్సే. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న తమ్ముడు సంజయ్ వాటికి విరుగుడు ప్రోగ్రాములు రాశాడు. అదే క్విక్ హీల్ అయింది, 2016 నాటికి స్టాక్ ఎక్స్‌ఛేంజికెక్కింది. అంతకంటే ముందే, 1991లో, చెన్నైలో కేశవర్ధనన్ కె7 కంపెనీ పెట్టాడు. ఆ సరుకు జపాన్‌లో కూడా అమ్ముడుపోయింది. పదోతరగతి మార్కుల మీద మాస్టారికున్న నమ్మకం కట్కర్ కథ దగ్గర కొంచెం కదిలిందిగానీ, ఆయన బయటికి ఏమీ అనలేదు.

చివరికి ఆయన ఏ కంపెనీది కొన్నారన్నది ముఖ్యం కాదు, ఎలా కొన్నారన్నదే ముఖ్యం. ఒక పీసీకి ఏడాదికి ఎనిమిది వందలు. అదే పెట్టె మూడు పీసీలకైతే పదమూడొందలు. తలకి నాలుగొందల ముప్పై మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. లెక్కల మాస్టారు కనక క్షణంలో తేల్చేశారు. మూడు పీసీలది కొనేశారు.

"బాగుంది. మిగతా రెండు కంప్యూటర్లు ఎప్పుడు కొంటున్నారు?" అంది భార్య, పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి.

పెట్టెలో గోకి చూసుకునే మూడు నంబర్లున్న చీటీ ఒకటీ, సీడీ ఒకటీ ఉన్నాయి. కంప్యూటర్లో సీడీ పెట్టే చోటే లేదు. ఆ సీడీ దారం కట్టించుకుని పెరట్లో జామచెట్టెక్కింది, చిలకల్ని బెదిరించడానికి. రెండు రోజులు చిలకలు దూరంగా ఉన్నాయి. మూడో రోజు ఒక చిలక దాని పక్కనే కూర్చుని, అందులో తన మొహం చూసుకుంటూ దోరజామకాయ తినడం మాస్టారు కళ్ళారా చూశారు.

ఏలూరు సలహా ఫోన్లో వచ్చింది. అక్కడి వియ్యంకుడికి పేపరు కటింగులు దాచే అలవాటు. 2017 మే నెల కటింగు ఒకటి తీసి చదివి వినిపించారు. ఆ నెల 12న 'వన్నాక్రై' లోకం మీద పడి, ఫైళ్ళకి తాళం వేసి, తాళం చెవి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో ఇమ్మంది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. దొంగ ఏకంగా పోలీసు స్టేషన్ బీరువాకే తాళం వేసి, చెవి పట్టుకుపోయినట్టు!

"అయితే బావగారూ, గమ్మత్తేంటంటే దానికి మందు మార్చి 14నే వచ్చేసింది," అన్నారు వియ్యంకుడు. "మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చింది. రెండు నెలలు చాలామంది వేసుకోలేదంతే."

ఈ మాట దగ్గర మాస్టారు ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు. ఆయన కంప్యూటర్లో 'అప్‌డేట్ చెయ్యమంటారా' అని ఏడాదిగా ఓ డబ్బా పైకి లేస్తోంది. ఏడాదిగా ఆయన 'తర్వాత' అని నొక్కుతున్నారు. ఒకప్పుడు మన ఊళ్ళల్లో దెయ్యం రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. దెయ్యం రోజూ వచ్చి, చదువుకుని, బుద్ధిగా వెనక్కి పోయేది. మాస్టారు అదే మంత్రం వేశారు. కాకపోతే దెయ్యానికి కాదు, భూతవైద్యుడికి.

ఆదివారం వీడియో కాల్‌లో కొడుక్కి ఈ భాగోతమంతా చెప్తే, వాడు నవ్వాపుకుంటూ అసలు వాళ్ళ దేశంలో కాపలావాళ్ళ కథలు ఇంకా రంజుగా ఉంటాయన్నాడు. అమెరికా ప్రభుత్వం 2024లో రష్యావాళ్ళ కాస్పర్‌స్కీని అమ్మడానికి వీల్లేదని తీసి పారేసింది. అదే ఏడు ఫిబ్రవరిలో, ఉచితంగా యాంటీవైరస్ పంచే అవాస్ట్ మీద అక్కడి ట్రేడ్ కమిషన్ కోటి 65 లక్షల డాలర్లు కట్టించే చర్య తీసుకుంది. జనం ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారన్న సమాచారాన్ని అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుందన్నది అభియోగం. కంచే చేను మెయ్యడమంటే ఇదే. అది చాలదన్నట్టు జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే పెద్ద భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసుకుని పడుకున్నాయి. వైరస్ కాదు, శత్రువు కాదు, సాక్షాత్తూ కాపలావాడే. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

"చేతిరాత బాగుందా?" అడిగారు మాస్టారు. ఆయన ఆసక్తులు ఆయనవి.

నూజివీడు సలహా మాత్రం గోడ పక్కనే ఉంది. పక్కింటివాళ్ళబ్బాయి నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. వేసవి సెలవులకి ఇంటికొచ్చాడు. 2008లో ఆ విద్యాసంస్థ పెట్టినప్పటి నుంచీ అందులో సీటు తెచ్చుకున్న ప్రతి పిల్లాడికీ మాస్టారు లేచి కుర్చీ వేస్తారు. కుర్రాడు వచ్చి, చిన్నరసం ఒకటి పిసుక్కుని జుర్రుకుంటూ, ఎడంచేత్తోనే నాలుగు నొక్కులు నొక్కాడు.

"మాస్టారూ, మీకు మొదటి నుంచీ ఒక యాంటీవైరస్ ఉంది. విండోస్‌తో పాటే వస్తుంది. డిఫెండర్ అని. బయటిదాన్ని తెచ్చి పెడితే ఇది పక్కకి తప్పుకుంటుంది, ఒకే ఒరలో రెండు కత్తులెందుకని. బయటిదాని గడువు తీరి అది పనిచెయ్యడం మానేస్తే మళ్ళీ ఇదే లేచి కూర్చుంటుంది."

అంటే మే నెల నుంచీ ఆయన చంకలో పిల్లనుంచుకుని గుడివాడ, విజయవాడ, ఏలూరు, డల్లాస్ వెతికారన్నమాట.

కానీ మాస్టారు తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఉచితంగా ఇచ్చేదానికి మార్కులెన్ని అని నిలదీశారు. నిజానికి ఆయన అడిగింది సరైన ప్రశ్న, ఎందుకంటే మార్కులు వేసేవాళ్ళు ఉన్నారు. జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారటివ్స్ అని రెండు సంస్థలు యాంటీవైరస్సులన్నిటికీ తరచూ పరీక్షలు పెడతాయి. ఏవీ-టెస్ట్‌వాళ్ళ దగ్గర మూడు పేపర్లు. రక్షణకి 6, కంప్యూటర్ని నెమ్మది చెయ్యకుండా ఉన్నందుకు 6, అమాయకపు ఫైలుని దొంగ అనకుండా ఉన్నందుకు 6. మొత్తం 18. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన పాత యాంటీవైరస్‌కి 2013లో రక్షణ పేపర్లో వచ్చినవి 6కి 0.

"సున్నా!" మాస్టారి కళ్ళు మెరిశాయి. ఎన్నాళ్ళకి విన్న మాట!

"2019 వేసవి పరీక్షల్లో డిఫెండర్‌కి 18కి 18 వచ్చాయి, మాస్టారూ. ఆ తర్వాత కూడా బాగానే తెచ్చుకుంటోంది."

సున్నా నుంచి ఆరేళ్ళలో నూటికి నూరు తెచ్చుకున్న విద్యార్థి అంటే ఏ మాస్టారికైనా కరుగుతుంది. ఆయన ఆ క్షణానే డిఫెండర్‌ని మనసారా శిష్యుడిగా స్వీకరించారు. నిజానికి ఒక్క ఇంటి కంప్యూటర్ వాడుకునే మామూలు మనిషికి, విండోస్ అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకుంటుంటే, అది సరిపోతుంది. డబ్బిచ్చి కొనే పెట్టెలో పిల్లల కట్టడి, వీపీఎన్, పాస్‌వర్డుల బీరువా వగైరా అదనపు సామాన్లుంటాయి. అవి కావాల్సినవాళ్ళు కొనుక్కోవచ్చు. కుర్రాడు ఇంకొకటి కూడా చెప్పాడు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆఖరనీ, ఆ లోపల 11కి మారాలనీ. లేకపోతే ఎంత మంచి కాపలావాడున్నా గోడే కూలుతుంది.

అసలు ఈ కాపలావాడు దొంగని ఎలా పడతాడని మాస్టారు అడిగితే, కుర్రాడు పరీక్ష హాలు భాషలోకి దిగాడు. ఇదివరకు దొరికినవాళ్ళ ఫొటోలు దగ్గర పెట్టుకుని గేటు దగ్గర ఒక్కొక్కడి మొహం పోల్చడం ఒక పద్ధతి. ఏవీ-టెస్ట్ రోజుకి నాలుగున్నర లక్షల పైచిలుకు కొత్త చెడ్డ ప్రోగ్రాములు నమోదు చేస్తోంది కనక ఫొటోలొక్కటే చాలవు. అందుకని నడవడిక చూస్తారు. ఫొటోలో లేకపోయినా, పదే పదే చొక్కా చెయ్యి తడుముకుంటున్నవాణ్ణి స్క్వాడ్ పట్టుకోదూ? అలాగే. ఇంకా అనుమానముంటే ఆ ప్రోగ్రామ్‌ని విడిగా ఓ ఖాళీ గదిలో కూర్చోబెట్టి ఏం చేస్తాడో చూస్తారు.

"మరి అన్ని వైరస్సుల్నీ పట్టే ప్రోగ్రామ్ ఒక్కటి రాసెయ్యొచ్చుగా?"

"రాయలేమని రుజువుంది, మాస్టారూ. ఫ్రెడ్ కోహెన్ అని, 1980లలోనే చేశాడు."

రుజువు అనగానే మాస్టారు మామిడిటెంక పక్కన పెట్టి పలక లాంటి ముఖంతో ముందుకి జరిగారు. కుర్రాడు చెప్పాడు. ఏ ప్రోగ్రామ్‌ని చూపించినా అది వైరస్సో కాదో తప్పకుండా చెప్పగల పరీక్షకుడు ఒకడున్నాడనుకుందాం. ఇప్పుడొక తుంటరి ప్రోగ్రామ్ రాద్దాం. అది ముందు ఆ పరీక్షకుడి దగ్గరికెళ్ళి 'నేను వైరస్‌నా?' అని అడుగుతుంది. 'అవును' అంటే బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. 'కాదు' అంటే వెంటనే ఊరంతా అంటిస్తుంది. పరీక్షకుడు ఏం చెప్పినా తప్పే.

మాస్టారు రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఇది మీ తమ్ముడే!" అన్నారు గట్టిగా. చెయ్యమంటే చెయ్యనివాడు, వద్దంటే చేసేవాడు మరి.

ఆ పూట కుర్రాడికి ఇంకో అరడజను రసాలు ముట్టాయి. వెళ్తూ వెళ్తూ వాడు కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సంగతి కూడా చెప్పాడు. అక్కడ ఉచితంగా దొరికేవాటిలో పెన్‌డ్రైవులని అదుపులో పెట్టే 'యూఎస్‌బీ ప్రతిరోధ్' ఒకటి. చేసింది మన హైదరాబాద్ సీ-డాక్ వాళ్ళే. మాస్టారు పేరు రాసుకుని పక్కన 'బా.మ. కొరకు' అని గుర్తు పెట్టుకున్నారు. పదమూడొందల పెట్టె ఎలాగూ కొన్నారు కనక ఏడాది దాన్నే ఉంచమన్నాడు కుర్రాడు. మిగిలిన రెండు నంబర్లలో ఒకటి ఏలూరు వెళ్ళింది. రెండోది గుడివాడకి పంపితే బావమరిది గంట తర్వాత ఫోన్ చేశాడు. "బావగారూ, ఇది చిత్రంగా ఉందండీ. నంబరు కొట్టగానే పనిచేసేసింది. క్రాక్ ఏది?" జీవితంలో మొదటిసారి అతను అసలు తాళం చెవి ముట్టుకున్నాడు.

కంప్యూటర్ మూల ఇప్పుడు పచ్చ టిక్కు. అప్‌డేట్లన్నీ వేసేశారు. మాస్టారు రోజూ పొద్దున్నే ఆ టిక్కుని చూసుకుని కాఫీ తాగుతున్నారు. జూన్ 26న ఆషాఢం మొదలైంది. రసాల కాలం వెళ్ళిపోయింది.

ఆషాఢం నాలుగో రోజు మాస్టారి భార్య ఫోన్‌కి వాట్సాప్‌లో ఓ శుభలేఖ వచ్చింది. పంపిందేమో తెలిసిన మనిషే, మాస్టారితో పనిచేసిన హిందీ పండితులు. వచ్చిందేమో ఫొటో కాదు, పీడీఎఫ్ కాదు, 'వెడ్డింగ్ ఇన్విటేషన్' అని పేరున్న ఫైలు. తోక ఏపీకే. కంప్యూటర్ ముందున్న మాస్టారు తల తిప్పకుండానే, "తెరువు, ఎవరిదో చూద్దాం. చదివింపులకి లెక్క వేసుకోవాలిగా," అన్నారు.

"మీ మొహం. ఆషాఢంలో పెళ్ళేంటండీ?"

మాస్టారు తల తిప్పారు.

"శ్రావణంలో పెళ్ళనుకుందాం. పంతులుగారింట్లో పెళ్ళికెదిగిన పిల్లలెవరున్నారు? ఉన్న ఒక్క కొడుక్కీ మనం వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాం. పైగా ఆయన శుభలేఖ పంపితే ముందు ఫోన్ చేసి అరగంట పద్యాలు చదవకుండా ఉంటాడా?"

ఫోన్ చేస్తే పంతులుగారు లబోదిబోమన్నారు. పొద్దున ఆయనకి ఇంకెవరి దగ్గర్నుంచో ఇలాంటిదే శుభలేఖ వస్తే నొక్కారట. అప్పట్నుంచీ ఆయన ఫోన్లోంచి ఊరందరికీ పెళ్ళిపిలుపులు వెళ్ళిపోతున్నాయి. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్లో ఎక్కే ప్రోగ్రామ్. ఎక్కిందంటే మెసేజీలు చదువుతుంది, బ్యాంకు ఓటీపీలు బయటికి పంపుతుంది. ఇలాంటి పెళ్ళిపిలుపుల గురించి 2024 చివర్లోనే హిమాచల్ పోలీసులు హెచ్చరించారు. పెళ్ళిళ్ళ సీజన్ చూసి పంపుతారు మోసగాళ్ళు. అదృష్టం, వీటిని పంపినవాడి దగ్గర తెలుగు పంచాంగం లేదు. ఇంటర్నెట్ ఆపేసి, బ్యాంకుకి చెప్పి, 1930కి ఫోన్ చెయ్యమని మాస్టారు పంతులుగారికి చెప్పారు.

భార్య దాన్ని తన ఫోన్లోంచి తీసెయ్యబోతుంటే మాస్టారు ఆపారు. పద్దెనిమిదికి పద్దెనిమిది వెయ్యదగ్గ సందర్భం. బంధువులందరికీ తెలియాలి, ముఖ్యంగా పిల్లలకి. ఆ ఫోన్ తీసుకుని కుటుంబం గ్రూపులో ఓపిగ్గా పెద్ద హెచ్చరిక రాశారు. ఇలాంటి శుభలేఖ వస్తే ఎవరూ తెరవొద్దని, ఇది మోసమని, ఆషాఢంలో ముహూర్తాలుండవని గ్రహించమని. ఎలాంటిదో పోల్చుకోడానికి వీలుగా, కింద ఆ ఫైలుని కూడా జతచేసి పంపారు.

మూడు నిమిషాల్లో గుడివాడ నుంచి ఫోన్ మోగింది. శుభలేఖలు ప్రింటు చేసేవాడు కదా, పైనున్న హెచ్చరిక సంగతి ఎలా ఉన్నా కింద ఉన్న కార్డు చూడకుండా ఉండలేడు.

"బావగారూ, పెళ్ళెవరిదండీ? నొక్కుతుంటే తెరుచుకోవట్లేదు. ఏదో అన్‌నోన్ యాప్ అని పర్మిషన్ అడుగుతోంది. ఇచ్చేయమంటారా?"